నింద మోసిన గోలుకీపరు: మొవాసీర్ బార్బోసా

పాఠశాలలో ఆటలపోటీ జరిగిననాడు ఉపాధ్యాయుడు పిల్లలకు చెప్పే మొదటి మాట, గెలుపోటములను సమానంగా స్వీకరించవలెనని. పిల్లలు ఆ మాటను శ్రద్ధగానే వింటారు. కాని ఇంటిదారి పట్టిన తరువాత, ఓటమికి కారకుడెవడో వేలెత్తి చూపుకుంటూనే పోతారు. పెద్దవారిలోనూ ఈ స్వభావం మారుతుందని చెప్పలేము. ఒక దేశమంతా కలసి ఒక్క మనిషివైపు వేలెత్తి, ఆ వేలును అర్ధశతాబ్దంపాటు దించకుండా నిలిపితే ఆ మనిషి బ్రతుకు ఏమి కావలెను? బ్రెజిలు దేశపు గోలుకీపరు మొవాసీర్ బార్బోసా జీవితమే ఈ ప్రశ్నకు సమాధానం.

బార్బోసా 1921వ సంవత్సరం మార్చి 27వ తేదీన సావో పాలో రాష్ట్రంలోని కంపీనాస్ నగరంలో జన్మించినాడు. కాఫీతోటలకు పేరుపడిన ప్రాంతమది. ఆ తోటలలో ఒకప్పుడు చాకిరీ చేసినవారు ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు. బ్రెజిలులో బానిసత్వం చట్టరీత్యా రద్దయినది 1888లో. అనగా బార్బోసా పుట్టుకకు ముప్పదిమూడేండ్లు మాత్రమే ముందు. బార్బోసా నల్లజాతివాడు. చట్టం సంకెళ్ళను తొలగించినది గాని మనుష్యుల మనస్సులలోని తారతమ్యాన్ని తొలగించలేదు. ఈ విషయాన్ని గుర్తుంచుకుంటేనే తరువాతి కథ మనకు బోధపడుతుంది.

ఆటలో అతడు మొదట నిలిచినది గోలు ముందు కాదు. ముందువరుసలో ప్రక్కనుండి పరుగెత్తే ఆటగాడుగా ప్రారంభించి, తరువాత గోలుకీపరుగా మారినాడు. ఫుట్‌బాలు ఆటలో ఈ స్థానం తక్కినవాటివంటిది కాదు. ముందువరుస ఆటగాడు పది అవకాశాలను జారవిడిచి పదకొండవసారి గోలు కొడితే జనం అతనిని భుజాలమీద మోస్తారు. గోలుకీపరు పది బంతులను ఆపి పదకొండవదానిని విడిచిపెడితే ఆ పదీ ఎవరికీ జ్ఞాపకముండవు. తక్కినవారి పొరపాటును సరిదిద్దడానికి వెనుక మరొకడు ఉంటాడు. గోలుకీపరు వెనుక వల తప్ప మరేమీ లేదు. తెలిసే ఈ స్థానాన్ని స్వీకరించిన బార్బోసా, సావో పాలోలోని ఇపిరంగా సంఘంలో ఆడి పేరు గడించినాడు. ఆ పేరే అతనిని 1940ల నడుమ రియో డి జనీరోలోని వాస్కో డ గామా సంఘానికి చేర్చినది.

ఈ సంఘం పేరు మన పాఠకులకు క్రొత్త కాదు. 1498లో కోళిక్కోడు తీరాన దిగిన పోర్చుగీసు నావికుని పేరే అది. ఆ నౌకాయాత్రకు నాలుగువందల ఏండ్లు నిండిన 1898లో, రియోలో స్థిరపడిన పోర్చుగీసువారు ఈ సంఘాన్ని స్థాపించినారు. ఆ కాలంలో ఫుట్‌బాలు ధనికుల వినోదం. అటువంటి రోజులలో, 1923లో, నల్లవారితోను కూలిపని చేసుకొనేవారితోను నిండిన జట్టుతో వాస్కో రియో చాంపియన్‌షిప్పును గెలిచినది. పెద్ద సంఘాలవారికి ఇది మింగుడుపడలేదు. వారు వేరుగా ఒక సమాఖ్యను ఏర్పరచుకొని, పన్నెండుగురు ఆటగాళ్ళను తొలగిస్తేనే వాస్కోకు ప్రవేశమన్నారు. వాస్కో అధ్యక్షుడు జోసె అగస్టో ప్రెస్టెస్ 1924 ఏప్రిల్ 7వ తేదీన జవాబు వ్రాసినాడు. ఆ పన్నెండుగురినీ విడిచి రావడం కంటె చేరకుండుటే మేలని దాని సారాంశం. ఇటువంటి చరిత్రగల సంఘంలోకి నల్లజాతి గోలుకీపరు ఒకడు వచ్చి, దానికి మహర్దశ తెచ్చినాడు.

1945, 1947, 1949, 1950, 1952 సంవత్సరాలలో రియో చాంపియన్‌షిప్పు వాస్కోకే దక్కినది. ఆ జట్టును జనం విజయపు ఎక్స్‌ప్రెస్సు అని పిలిచేవారు. 1948లో చిలీ రాజధాని సాంటియాగోలో దక్షిణ అమెరికా దేశాల చాంపియన్ సంఘాలు తలపడినవి. నిర్ణాయకమైన ఆటలో అర్జెంటీనా సంఘం రివర్ ప్లేటు ఎదుటపడినది. ఆనాటి రివర్ ప్లేటుతో ఆడడమంటే సామాన్యం కాదు. బార్బోసా ఆనాడు ఒక పెనాల్టీని సైతం ఆపినాడు. ఆట గోలు లేకుండానే ముగిసి, కిరీటం వాస్కోకు వచ్చినది. మరుసటి సంవత్సరం, 1949లో, బ్రెజిలు జాతీయజట్టు దక్షిణ అమెరికా చాంపియన్‌షిప్పును గెలుచుకొన్నది. 1922 తరువాత ఆ గౌరవం ఆ దేశానికి దక్కడం అదే మొదలు. చివరి ఆటలో పరాగ్వేపై ఏడు గోలులు చేసి, ఒక్కటి కూడ ఇవ్వలేదు. గోలు ముందు ఉన్నవాడు బార్బోసాయే.

అతడు చేతులకు తొడుగులు వేసుకొనేవాడు కాడు. బంతి స్పర్శ చేతికి తెలియవలెనని అతని పట్టుదల. దాని ఫలితంగా వేళ్ళు పలుమార్లు విరిగి వంకరలు తిరిగినవి. ఎత్తరి కాకపోయినా చురుకుదనంలోను, బంతి వచ్చే దారిని ముందే పసిగట్టడంలోను అతనికి సాటి తక్కువ. ఈ పసిగట్టే గుణాన్ని పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. అతనిని పైకెత్తినది అదే; పడద్రోసినదీ అదే.

రెండవ ప్రపంచయుద్ధం కారణంగా 1938 తరువాత నిలిచిపోయిన ప్రపంచకప్పు పోటీలను తిరిగి 1950లో నిర్వహించే భారం బ్రెజిలు వహించినది. అందుకై రియోలో మరకానా అనే మహాక్రీడాంగణాన్ని నిర్మించినారు. 1948 ఆగస్టులో పునాది పడగా 1950 జూన్‌లో ద్వారాలు తెరచినారు. అంతకు మించిన ఫుట్‌బాలు క్రీడాంగణం అప్పటికి లోకంలో మరొకటి లేదు. పదమూడు దేశాలు పాల్గొన్నవి. మన భారతదేశానికి సైతం స్వీడను, ఇటలీ, పరాగ్వేలతో కూడిన వర్గంలో చోటు దొరికినది. కాని మన జట్టు వెళ్ళలేదు.

ఆనాటి బ్రెజిలు జట్టులో వాస్కోవారే అధికంగా కనబడేవారు. బార్బోసా, నాయకుడు అగస్టో, దానీలో, అదెమీర్, షీకో, శిక్షకుడు ఫ్లావియో కోస్తా అందరూ ఆ సంఘంవారే. మెక్సికోపై నాలుగు గోలులతో గెలిచి, స్విట్జర్లాండుతో రెండేసి గోలులతో సమానమై, యుగోస్లావియాపై రెండు గోలులతో నెగ్గి బ్రెజిలు తుదివిడతకు చేరినది. ఆ సంవత్సరం తుదిపోటీ అనేది ప్రత్యేకంగా లేదు. నాలుగు జట్లు ఒకదానితో ఒకటి ఆడి, ఎక్కువ పాయింట్లు గడించినది విజేత కావలెనని నియమం. స్వీడనును 7-1తోను, స్పెయినును 6-1తోను బ్రెజిలు చిత్తుచేసినది. ఇక మిగిలినది యురుగ్వే. ఆ ఆటలో గెలవనవసరం కూడ లేదు. సమానంగా ముగిస్తే చాలు, కప్పు బ్రెజిలుదే.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమని మన సామెత. రియోలో జరిగినది అచ్చముగా అదే. ఆటకు ముందే పత్రికలు బ్రెజిలు జట్టు చిత్రాన్ని ప్రపంచవిజేతలన్న శీర్షికతో అచ్చువేసినవి. నగర మేయరు ఆట మొదలు కాకముందే ఆటగాళ్ళను విజేతలుగా సంబోధించి ఉపన్యసించినాడు. ప్రపంచ ఫుట్‌బాలు సమాఖ్య అధ్యక్షుడు జూల్ రిమే బ్రెజిలువారిని అభినందించడానికి పోర్చుగీసు భాషలో ప్రసంగం సిద్ధం చేసుకొన్నాడు. జూలై 16వ తేదీన టిక్కెట్లు కొని ప్రవేశించినవారే 1,73,850 మంది. మొత్తం జనం రెండు లక్షలకు చేరువ.

విరామం తరువాత రెండవ నిమిషంలో ఫ్రియాసా బ్రెజిలుకు గోలు చేసినాడు. క్రీడాంగణం పండుగయినది. యురుగ్వే నాయకుడు ఒబ్దూలియో వరేలా మాత్రం తొణకలేదు. బంతిని చంకనబెట్టుకొని, రెఫరీతో వాదం పెట్టుకొని, జనం ఉత్సాహం చల్లారేవరకు ఆటను తిరిగి సాగనివ్వలేదు. 66వ నిమిషంలో యురుగ్వే ఆటగాడు గిజియా కుడిప్రక్కనుండి దూసుకొనివచ్చి, తన్ను అడ్డగింపవలసిన బిగోడెను దాటి, బంతిని గోలు ముందుకు అందించినాడు. స్కియాఫినో దానిని వలలోకి కొట్టినాడు. ఆట సమానమైనది. అయినను కప్పు ఇంకా బ్రెజిలు చేతిలోనే ఉన్నది.

79వ నిమిషంలో అదే గిజియా అదే దారిన తిరిగి వచ్చినాడు. బిగోడెను తిరిగి దాటినాడు. సహాయానికి రావలసిన జువెనాల్ అందుకోలేకపోయినాడు. గోలు ముందు బార్బోసా ఒంటరి. క్రిందటిసారి ఇతడు బంతిని లోనికి అందించినాడు, లోపల స్కియాఫినో ఎదురుచూచుచున్నాడు, ఈసారీ అదే చేయగలడని అతని వివేకం చెప్పినది. దానికి తగినట్లు, దగ్గరి స్తంభాన్ని విడిచి అడుగులో సగం నడుమకు జరిగినాడు. అనుభవంగల గోలుకీపరు ఎవడైనా అట్లే చేయును. కాని గిజియా ఆ సందును చూచినాడు. బంతిని అందించక, స్తంభానికీ బార్బోసాకూ మధ్య నేరుగా కొట్టినాడు. బార్బోసా ఎడమప్రక్కకు దూకి పడినాడు. బంతి వేళ్ళకు తగిలినదని, బయటికి పంపివేసినానని క్షణకాలం అతడు నమ్మినాడట. క్రీడాంగణంలో అలముకొన్న నిశ్శబ్దమే అతనికి సంగతి తెలిపినది. తిరిగి చూడగా బంతి వలలో ఉన్నది.

మిగిలిన పదకొండు నిమిషాలలో బ్రెజిలు మరి గోలు చేయలేకపోయినది. యురుగ్వే 2-1తో గెలిచినది. సన్మానసభ లేదు, ప్రసంగం లేదు. జూల్ రిమే జనసమ్మర్దంలో వరేలాను వెదకి పట్టుకొని, కప్పును చేతిలో పెట్టి, చేయి కలిపి వెళ్ళినాడు.

ఇక ప్రశ్న మొదలైనది, తప్పెవరిది? శాంతంగా ఆలోచించినవానికి కారణాలు చాల కనబడుతవి. రెండుసార్లు ఒకే దారిన శత్రువు చొచ్చుకొనివచ్చినా దానిని మూయలేకపోవడం ఒకటి. రెండాటలలో పదమూడు గోలులు చేసిన ముందువరుస ఆనాడు ఒక్క గోలుతో ఆగిపోవడం మరొకటి. ఆటకు ముందే సాగిన ఊరేగింపులు, ఉపన్యాసాలు ఇంకొకటి. అన్నిటినీ మించి, యురుగ్వే ఆనాడు మెరుగుగా ఆడినది. ఆ పోటీలన్నిటిలో బార్బోసా ఆరు ఆటలలో విడిచినవి ఆరు గోలులే. ఈ లెక్కను చూడడానికి ఎవరికీ ఓపిక లేకపోయినది. దుఃఖానికి ఒక ముఖం కావలెను. దొరికినవారు ముగ్గురు: బార్బోసా, బిగోడె, జువెనాల్. ముగ్గురిదీ నల్లని మేనిఛాయయే. ఇది యాదృచ్ఛికమని బ్రెజిలులోని విజ్ఞులు తరువాతి కాలంలో అంగీకరించలేదు. నల్లవాడు క్లిష్టసమయంలో నిబ్బరం చూపలేడన్న పాత దురభిప్రాయం ఈ ఓటమితో క్రొత్త బలం పొందినది. గోలుకీపరు స్థానానికి నల్లవాడు పనికిరాడన్న మాట అక్కడ బహుకాలం ప్రచారంలో ఉన్నది.

ఆనాడు ధరించిన తెల్లచొక్కాను సైతం దేశం అపశకునంగా భావించినది. 1953లో ఒక పత్రిక పోటీ పెట్టగా, యురుగ్వే సరిహద్దుప్రాంతపు యువకుడు అల్దీర్ షీ గీసిన పసుపుపచ్చ చొక్కా ఎన్నికైనది. నేడు లోకమంతా గుర్తించే బ్రెజిలు చొక్కా అదే. చొక్కాను మార్చుకొన్నంత సులభంగా మనిషి తన ముఖాన్ని మార్చుకోలేడు గదా! బార్బోసా ఆ ముఖంతోనే బ్రతుకవలసివచ్చినది.

అతడు క్రుంగి ఇంట కూర్చుండలేదు. ఆ 1950 సంవత్సరపు రియో చాంపియన్‌షిప్పును వాస్కో గెలిచినప్పుడు గోలు ముందు అతడే ఉన్నాడు. 1953లో జాతీయజట్టు తరఫున మరొక్కసారి ఆడినాడు. 1954 ప్రపంచకప్పుకు తిరిగి పిలుపు వచ్చునేమోనన్న ఆశ లేకపోలేదు. కాని 1953లోనే ఒక ఆటలో అతని కాలు విరిగినది. దానితో ఆ ఆశ కూడ విరిగినది. తరువాత రెసీఫె నగరంలోని సాంటా క్రూజ్ సంఘానికి, రియోలోని బొన్‌సుసెస్సొకు ఆడి, తిరిగి వాస్కోకు వచ్చి 1958లో మరొక చాంపియన్‌షిప్పులో భాగస్వామి అయినాడు. 1962లో కాంపొ గ్రాండె అనే చిన్న సంఘంలో, నలుబదియొకటవ ఏట, ఆట చాలించినాడు.

ఆ తరువాత అతనికి జీవనోపాధి దొరికిన చోటు ఏది? మరకానా! ఆ క్రీడాంగణపు ఆవరణలోని ఈతకొలనులో అతడు ఉద్యోగం చేసినాడు. ప్రతిదినం ఆ గోడల ప్రక్కనే వెళ్ళి, ఆ గోడల ప్రక్కనే ఇంటికి మరలుతూ సంవత్సరాలు గడిపినాడు. అక్కడి పాత కొయ్య గోలుస్తంభాలను మార్చినప్పుడు వాటిని అతనికి ఇచ్చినారని, అతడు వాటిని పొయ్యిలో పెట్టి మిత్రులకు మాంసం కాల్చి విందు చేసినాడని ఒక కథ బ్రెజిలులో చెప్పుకుంటారు. ఆ కథ నిజమైనా కాకపోయినా, కొయ్య కాలినంత సులభంగా జ్ఞాపకం కాలలేదు.

ఓటమి జరిగి ఇరువదేండ్లయిన తరువాత కూడ, ఒక దుకాణంలో ఒక తల్లి తన బిడ్డకు అతనిని చూపి, దేశాన్నంతా ఏడ్పించిన మనిషి ఇతడేనని చెప్పినది. ఆ బిడ్డ 1950 నాటికి పుట్టియుండడు. నింద ఒక తరం నుండి మరొక తరానికి ఆస్తివలె సంక్రమించినదన్నమాట. తన జీవితంలోకెల్ల దుఃఖకరమైన క్షణం అదేనని బార్బోసా తరువాత చెప్పుకొన్నాడు.

1988లో జోర్జ్ ఫుర్తాదొ, అనా లూయీజా అజెవెదొ అను దర్శకులు బార్బోసా పేరుతో ఒక చిన్న చలనచిత్రాన్ని తీసినారు. బాల్యంలో ఆ ఆటను చూచిన ఒకడు కాలంలో వెనుకకు ప్రయాణించి, ఆ గోలును ఆపడానికి యత్నిస్తాడు. గోలు వద్దకు చేరి బార్బోసాను కేకవేయగా, ఆ కేకకు బార్బోసా దృష్టి చెదరి గోలు పడుతుంది. తప్పును ఒక్కని నెత్తిన రుద్దినవారందరికీ ఆ చిత్రం మౌనంగా ఒక అద్దం పట్టినది. అందులో బార్బోసా తానే స్వయంగా కనబడినాడు.

కాని అవమానాలు అంతటితో ఆగలేదు. 1993లో జాతీయజట్టు అభ్యాసం చేసుకొంటున్న తెరెజోపొలిస్ శిబిరానికి, ఆటగాళ్ళను ఆశీర్వదించడానికి డెబ్బది రెండేండ్ల వృద్ధుడుగా అతడు వెళ్ళినాడు. అతని రాక అపశకునమన్న భయంతో లోపలికి పోనివ్వలేదు. బ్రెజిలులో ఎంత ఘోరనేరానికైనను కారాగారవాసం ముప్పదేండ్లకు మించరాదని ఆనాటి చట్టం. నేరమే చేయని తాను అంతకంటె ఎక్కువకాలం శిక్ష అనుభవించుచున్నానని అతడు చివరి రోజులలో వాపోయినాడు.

భార్య క్లోటిల్డ్ మరణించిన తరువాత అతడు సముద్రతీరాన ఉన్న ప్రాయా గ్రాండె పట్టణంలో కాలం గడిపినాడు. సంతానం లేదు. ఆస్తి లేదు. కూతురివలె చూచుకొన్న ఒక స్నేహితురాలు, వాస్కో సంఘం చేసిన ధనసహాయం అతనికి చివరి ఆధారాలు. 2000వ సంవత్సరం ఏప్రిల్ 7వ తేదీన, డెబ్బది తొమ్మిదవ ఏట, బార్బోసా కన్నుమూసినాడు. నల్లవారిని విడిచిరాలేమని వాస్కో జవాబు వ్రాసిన తేదీయు అదే ఏప్రిల్ 7. ఒక సంఘం తన ఆటగాళ్ళ పక్షాన నిలిచిన దినమే, దేశం తన ప్రక్కన నిలువని ఆటగాడు వెళ్ళిపోయినాడు.

కాలం అతనికి న్యాయం చేయలేదని చెప్పలేము; ఆలస్యంగా చేసినది. 2006 ప్రపంచకప్పులో దీదా అను నల్లజాతి గోలుకీపరు బ్రెజిలు జట్టుకు ప్రధాన గోలుకీపరుగా నిలిచినాడు. బార్బోసా తరువాత నల్లవాడొకడు ఆ స్థానాన్ని ప్రపంచకప్పులో తనదిగా చేసుకొనడానికి యాభైయారేండ్లు పట్టినది. 2009లో మరకానావారు గిజియాను ఆహ్వానించి, అతని పాదముద్రలను అక్కడి కీర్తిమండపంలో పదిలపరచినారు. ఓడించినవానిని గౌరవించగల ఔదార్యం ఆ దేశానికి ఉన్నది. ఓడిన తన బిడ్డను క్షమించే ఔదార్యమే కొరవడినది. 2014లో సొంతగడ్డమీద జర్మనీ చేతిలో బ్రెజిలు 7-1తో ఓడినప్పుడు, బార్బోసాకు ఇప్పుడైనా విముక్తి కలిగినదని అక్కడి రచయితలు కొందరు వ్రాసినారు. ఆ విముక్తిని వినడానికి అతడు లేడు.

ఆటను ఆడించే ఉపాధ్యాయులు, ఆడే విద్యార్థులు ఒక్క సంగతిని గమనించవలెను. బార్బోసా ఆనాడు చేసినది అజాగ్రత్త కాదు. ముందు జరిగినదానిని చూచి, జరుగబోయేదానిని ఊహించి అడుగు వేసినాడు. ఊహ తప్పినది. ఊహించి అడుగు వేసే ప్రతివానికీ ఏదో ఒకనాడు ఊహ తప్పక తప్పదు. రేపు మన బడిలో ఒక పిల్లవాడు బంతిని జారవిడిచి తలవంచుకొని నిలబడితే, వాని ప్రక్కకు వెళ్ళి భుజంమీద చేయి వేసేవారు ఒక్కరైనా ఉండవలెను. బార్బోసాకు దేశంలో కరువైనది ఆ ఒక్క చేయియే.